డిస్కుకి నాడి చూసిన సిస్టర్

పోయిన నెల ఒక బుధవారం సాయంత్రం మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే హాల్లోకి నడిచింది. మా ఇంట్లో బూట్లతో తివాచీ మీదికి వచ్చారంటే ఏదో జరిగిందనే.

"నాన్నా, సిస్టర్ పోయారట."

ఏ సిస్టర్ అని నేను అడగలేదు. అమ్మాయి పనిచేసేది ఆస్పత్రి ఫార్మసీలో. పొద్దున లేస్తే ఎంతోమంది సిస్టర్లతో పని. అయినా మా బెల్‌ఫాస్ట్ తెలుగువాళ్లకి ఆ పిలుపు ఒక్కరిదే. గుంటూరు వైపు నుంచి వచ్చి, ఎముకల వార్డులో చాలా ఏళ్లు పనిచేసి, తీరిక దొరికినప్పుడల్లా మా ఇళ్లలో మొరాయించిన కంప్యూటర్లకి వైద్యం చేసిన మనిషి. పేరు రాయను. ఎవరైనా నలుగురిలో పొగడబోతే ఆవిడ లేచి వెళ్లి వంటింట్లో గిన్నెలు కడిగేది. ఇప్పుడు లేచి వెళ్లలేదు కాబట్టి ఆ మర్యాదేదో నేనే పాటించాలి.

ఈ ఊళ్లో తెలుగువాళ్ల కంప్యూటర్లన్నీ ఆవిడ చేతిమీదే బతికాయి. తక్కువలో తక్కువ నాలుగు వందలు. ఒకసారి మూడంతస్తుల ఆఫీసులో మెషిన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతే, ఇంజనీర్లు చేతులెత్తేశాక, వార్డులో ఉన్న ఆవిడకి కబురంపి కారు పంపించి మరీ పిలిపించుకున్నారు.

సరే, నాలుగు వందలు కాదు. నేను కళ్లారా చూసినవి ఆరు. అందులో రెండు మా ఇంటివి, ఆ రెండూ ఒకటే కంప్యూటరు. మూడంతస్తుల ఆఫీసు ఇప్పుడే, ఈ పేరా రాస్తుండగా కట్టాను. నాకు ఇది ముందునుంచీ ఉన్న జబ్బు. చదివేవాళ్లు కొంచెం తగ్గించుకుని చదువుకోవాలి. తగ్గించనక్కర్లేని చోటు వస్తే నేనే చెప్తాను.

ఆవిడ పనిముట్లు ఒక గుండ్రటి బిస్కట్ల డబ్బాలో ఉండేవి. చెవిలో తిప్పుకునే దూదిపుల్లలు, చిన్న సీసాలో స్పిరిట్, రోగుల కళ్లలోకి వేసి చూసే పెన్ను టార్చి, ఒక స్క్రూడ్రైవరు, మెలికలు తీసి నిటారుగా సాగదీసిన పేపర్ క్లిప్పు. అంతే. ఆ క్లిప్పు ఎందుకంటే, డిస్కు పెట్టే ట్రే ఒక్కోసారి లోపలే బిగుసుకుపోయి మీట నొక్కినా బయటికి రాదు. అప్పుడు దాని మూతిమీద సూది పట్టేంత కన్నం ఒకటి ఉంటుంది. అందులోకి క్లిప్పు దూర్చి మెల్లిగా నొక్కితే ట్రే నాలిక చాపినట్టు బయటికొస్తుంది. "నోరు తెరువు తల్లీ, ఆ... అట్టా," అనేది ఆవిడ దాంతో.

గుమ్మంలోనే "వందనాలండీ" అని, కోటు విప్పుతూ "రోగి ఎక్కడ?" అని అడిగేది. వెంటనే ముట్టుకునేది కాదు. వార్డు డ్యూటీలు రాసిన పాత రోటా కాగితం వెనక్కి తిప్పి, ఎవరి కంప్యూటరైతే వాళ్లని ఎదురుగా కూచోబెట్టి ప్రశ్నలు వేసేది. ఎప్పట్నించి? అంతకుముందు ఏం పెట్టారు? శబ్దం ఎట్టా ఉంది?

"గుర్రుమంటోందండీ."

"గుర్రుమనటమా, గరగరమనటమా? చేసి చూపియ్యండి."

చేసి చూపించాల్సిందే. టై కట్టుకున్న పెద్ద మేనేజరొకాయన తన పిల్లల ముందు నిలబడి "గర్ర్... టక్... గర్ర్" అని వినిపించడం నేను చూశాను. ఆవిడ నవ్వలేదు. "గర్ర్, టక్" అని రాసుకుంది.

తరవాత ఎడంచెయ్యి కంప్యూటరు పెట్టె మీద వేసి, కళ్లు వాచీ మీద పెట్టేది. నర్సులకి యూనిఫాం మీద తలకిందులుగా వేలాడే వాచీ ఉంటుంది చూశారా, అది. లోపల డ్రైవు డిస్కుని తిప్పడానికి ఎన్నిసార్లు లేస్తోందో అరచేత్తో లెక్కపెట్టేది. "మూడుసార్లు లేచి పడుకుంటోంది. ప్రాణం ఉంది," అనేది. ఈలోగా ఇంటిల్లిపాదీ చుట్టూ మూగితే, "విజిటింగ్ టైము అయిపోయింది, అందరూ బయటికి" అని తరిమేది. సొంత ఇంట్లో వరండాలోకి పోయి నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంకొక సంగతి. ఏ యంత్రాన్నీ "పోయింది" అనేది కాదు. బాగవుతుందనీ అనేది కాదు. "చూద్దాం లెండి," అనేది. నాలాంటి కంగారు మనిషికి ఇది నరకం. ఏదో ఒకటి తేల్చి చెప్తే ఏడవడమో నవ్వడమో చేస్తాం కదా! పని అయ్యేదాకా టీ చుక్క ముట్టేది కాదు. అయ్యాక మాత్రం చారు అడిగేది. కాఫీ కప్పునిండా వేడి చారు పోయించుకుని, రేడియేటరుకి వీపు ఆనించి నిలబడి తాగేది.

నాకు ఆవిడ పరిచయమైంది ఒక ఉగాదికి. అద్దెకి తీసుకున్న హాల్లో పిల్లల డాన్సుకి పాట రావాలి. కంప్యూటర్లో పెట్టిన డిస్కు తిరగడం లేదు, ట్రే బయటికి రావడం లేదు. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లాను.

"తప్పుకోండి, తప్పుకోండి. ఆంధ్రదేశంలో కంప్యూటర్లు దిగిన మొదటి రోజు నుంచీ వాటితో పనిచేసినవాణ్ణి."

అప్పటికే అక్కడ మోకాళ్ల మీద కూచున్న ఒకావిడ తలెత్తి, "మంచిదయింది అన్నయ్యగారూ. ఆ క్లిప్పు పెట్టే కన్నం ఎక్కడుందో కొంచెం చూపియ్యండి, నాకు కళ్లజోడు లేదు," అంది.

నేను గంభీరంగా వంగి ఒక కన్నం చూపించాను. అది చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను దూర్చేది. ఆవిడ దానివైపు చూసింది, నావైపు చూసింది. టార్చి నా చేతిలో పెట్టింది. "మీరు వెలుగు పట్టండి. అది నిదానం ఉన్న పెద్దవాళ్లే పట్టాలి."

ఆ రోజు నుంచి నేను టార్చి పట్టేవాణ్ణి. అసలు సంగతేమిటంటే, కాకినాడలో ఒక సర్కారు ఆఫీసు కంప్యూటరు విభాగంలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మాట నిజమే. నా ఉద్యోగం స్టోర్సు. ప్రింటరు కాగితాలూ రిబ్బన్లూ ఇచ్చి సంతకం తీసుకునేవాణ్ణి. కంప్యూటరు గది తాళంచెవి నా మొలతాడుకే ఉండేది. అందులో మాత్రం అతిశయోక్తి లేదు.

ఇక తగ్గించనక్కర్లేని చోటుకి వచ్చాను.

ఆ మరుసటి వేసవిలో మా ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, దాంతోపాటు మాట. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపాక థెరపీ చేసే అమ్మాయి వారానికోసారి వచ్చేది. "ఆ చేతిని ఊరికే ఉంచకండి. ఒక్కరోజు వదిలేస్తే రెండు రోజులు వెనక్కి పోతుంది," అని ప్రతిసారీ చెప్పేది. నొక్కమని రబ్బరు బంతి ఇచ్చింది. మా ఆవిడ దాన్ని సోఫా కిందికి దొర్లించేసింది. నేను బతిమాలాను, కోప్పడ్డాను, బంతి నేనే నొక్కి చూపించాను. ముఖం గోడవైపు తిప్పుకునేది.

అప్పుడు మా అమ్మాయి, వాడేసిన సామాన్లు అమ్మే చారిటీ షాపు నుంచి ఒక పాత ఆట డిస్కు తెచ్చింది. మూడేళ్ల పిల్లల కోసం చేసిన ఆట. తల్లిబాతు వెనక అయిదు పిల్లలు రోడ్డు దాటి చెరువుకి పోవాలి. కారు వస్తుంటే మౌసు నొక్కిపట్టి వాటిని ఆపాలి, పోయాక వదలాలి. అంతే ఆట. మొదట్లో ఆమె కుడిచేతిమీద నా చెయ్యి వేసి నేనే నడిపేవాణ్ణి. నాలుగోరోజు నా చెయ్యి తోసేసింది. పదోరోజు, చివరి బాతుపిల్ల ఒకటి కారు ముందుకి ఉరికితే, "ఆగవే!" అంది.

రెండు నెలల తరవాత ఆమె నోట వినపడ్డ మొదటి మాట అది. అంత స్పష్టంగా. నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, నీళ్ల చప్పుడులో కాసేపు నిలబడ్డాను.

ఆ తరవాత రోజూ అరగంట బాతులే. ఆటంతా కంప్యూటర్లోకి ఎక్కించినా, డిస్కు డ్రైవులో ఉంటేనే తెరుచుకుంటుంది. అది ఆ ఆటల పద్ధతి. అందువల్ల ఆ డిస్కుని నేను కంటికి రెప్పలా చూసుకున్నాను. దాన్ని చంపింది కూడా నేనే.

దసరా వచ్చింది. మా ఆఫీసులో ఏటా ఆయుధపూజకి ప్రింటర్లకీ కంప్యూటరు గది తలుపుకీ పసుపు రాసి కుంకుమ పెట్టే హక్కు నాది. ఇక్కడ మానేస్తానా? మానిటరుకి పెట్టాను, కీబోర్డుకి పెట్టాను, మౌసుకి పెట్టాను. మా ఆవిడ కుర్చీలో కూచుని చూస్తోంది. అప్పుడు అనిపించింది: ఇంట్లో మాట పుట్టించింది ఆ డిస్కు కదా, దానికి లేకపోతే ఎలా? ట్రే తెరిచాను. డిస్కుకి ఒకవైపు బాతు బొమ్మ. దాని ముఖం మీద పెడితే బొమ్మ చెడిపోయేలా ఉంది. రెండోవైపు చూస్తే కొత్తగా తోమిన ఇత్తడిలా మెరుస్తోంది. మన చెయ్యి సహజంగా అటే పోతుంది. కుంకుమ నిలవాలని ఉంగరపువేలికి రవ్వంత కొబ్బరినూనె రాసుకుని, నడిమి కన్నం పక్కనే ముచ్చటైన బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని ట్రే మూశాను.

మర్నాడు ఆట తెరుచుకోలేదు. డ్రైవు గర్రుమంది, ఆగింది, గర్రుమంది. తెరమీద "డిస్కు పెట్టండి" అని వచ్చింది. ఉంది కదరా నాయనా లోపల!

తీసి చూస్తే బొట్టు కన్నం చుట్టూ ఎర్రటి చారికై పాకింది. అప్పుడే నాకు అర్థమైంది. ఆ క్షణంలో అమ్మాయిని పిలిచి చెప్పి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. తడి తువ్వాలు అంచుతో, కంచం తుడిచినట్టు, గుండ్రంగా గట్టిగా రుద్దాను. నూనె వదలక ఇంకా గట్టిగా రుద్దాను. పెట్టి చూస్తే మళ్లీ అదే. అమ్మాయి వచ్చి అడిగింది.

"ఏమైంది నాన్నా?"

"డ్రైవు పాతదైపోయిందమ్మా. లోపలి అద్దం అలైన్‌మెంటు తప్పింది. మా ఆఫీసులో ఇలాంటివి కొల్లలు."

"అయితే కొత్త డ్రైవు కొందాం."

"తొందరెందుకు? నేను చూస్తున్నా కదా!"

కొత్త డ్రైవు వస్తే అందులోనూ డిస్కు చదవదు. అప్పుడు తప్పు డిస్కుదని తేలుతుంది, డిస్కు తీసి చూస్తారు. అందుకని ఒక్కొక్కరోజే వాయిదా వేశాను. తొమ్మిది రోజులు. అమ్మాయి పిల్లికూనల ఆట ఇంకొకటి తెచ్చింది. కంప్యూటరు ఓపిక ఉన్నప్పుడు దాన్ని చదివేది. మా ఆవిడ దానివైపు చూడలేదు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉండేది, వేళ్లు మళ్లీ లోపలికి ముడుచుకుంటున్నట్టు నాకు అనిపించేది. రోజూ లేవగానే ఆ వేళ్లే చూసేవాణ్ణి. నిన్నటికంటే ముడిచినట్టున్నాయా? లేకపోతే అది నీడా?

దీనికి తోడు రెండోరోజు నుంచీ ఆమె ఎడంచెయ్యి ఎత్తి నుదురు ముట్టుకోవడం మొదలెట్టింది. నావైపు చూస్తూ, కనుబొమల మధ్య వేలు పెట్టి నొక్కేది.

"తలనొప్పా?"

తల అడ్డంగా ఊపేది. కానీ పక్షవాతం తరవాత ఆమె అవునూ కాదూ తారుమారయ్యాయి. అడ్డంగా ఊపితే అవునేమో అనుకోవాలి. అమృతాంజనం రాశాను. కోపంగా తుడిచేసుకుంది. మళ్లీ నుదురు. తలనొప్పంటే రెండోసారి వస్తోందేమో! జీపీ సర్జరీకి, అంటే మా పేట డాక్టరు క్లినిక్కుకి, ఫోను చేస్తే డాక్టరు ఇంటికి వచ్చి బీపీ చూశాడు, కళ్లలోకి వెలుగు వేసి చూశాడు. బాగానే ఉంది, ఎక్కువైతే వెంటనే ఆస్పత్రికి తీసుకురమ్మన్నాడు. ఎక్కువ కావడమంటే ఎంత? నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూచుని ఆమె మూతి వంకర పోతోందేమోనని చూస్తూ ఉండేవాణ్ణి. "ఏదీ, ఒక్కసారి నవ్వు. నవ్వి చూపించు," అనేవాణ్ణి గంటకోసారి. ఆమె ఎందుకు నవ్వుతుంది?

తొమ్మిదోరోజు ఆదివారం. నాకు చెప్పకుండా అమ్మాయి సిస్టరుని పిలిచింది. చర్చి అయిపోగానే ఆవిడ వచ్చింది. చీర కట్టుకుంది కానీ వాచీ పైట మీద వేలాడుతూనే ఉంది.

"వందనాలు అన్నయ్యగారూ. రోగి ఎక్కడ?"

నేను కంప్యూటరు చూపించాను. ఆవిడ దాన్ని దాటి వెళ్లి, స్టూలు లాక్కుని మా ఆవిడ కుర్చీ పక్కన కూచుంది.

"ఏం జరిగింది వదినగారూ?"

"ఆమెకి మాట..." అన్నాను.

"నేనడిగింది వదినగారిని."

మా ఆవిడ ఎడంచెయ్యి ఎత్తి నుదురు ముట్టుకుంది.

"తలనొప్పండీ. వారం నుంచీ ఇదే. డాక్టరు కూడా వచ్చి..."

"అన్నయ్యగారూ, డబ్బాలో టార్చి తీసి పట్టుకోండి."

"దేనిమీద వెయ్యమంటారు?"

"దేనిమీదా వద్దు. ఊరికే పట్టుకోండి."

తన రెండు వేళ్లు మా ఆవిడ ఎడంచేతిలో పెట్టింది. "తల ఊపొద్దు వదినగారూ. అవునైతే నొక్కండి, కాకపోతే ఊరుకోండి. నొప్పా?"

నొక్కలేదు.

"జొరమా?"

నొక్కలేదు. సిస్టరు ఆమె నుదుటివైపు చూసింది.

"బొట్టా?"

"అబ్బ! వేళ్లు ఇరిచేట్టున్నారే," అంది మరుక్షణం. "మీ బొట్టా?" నొక్కలేదు. సిస్టరు గదంతా కలయజూసింది. మానిటరు మూల వెలిసిపోయిన కుంకుమ ఇంకా ఉంది. "కంప్యూటరుకి పెట్టిందా? ... పైన పెట్టిందా? ... లోపలా?"

మా ఆవిడ ఆ వేళ్లు వదల్లేదు. వదలకుండా నావైపు చూసింది.

"నేనే పెట్టానండీ," అన్నాను. టార్చి ఎప్పుడు వెలిగించానో తెలియదు, వెలుగు గోడమీద పడుతోంది. "డిస్కుకి. మెరిసేవైపు."

"నాన్నా!" అంది అమ్మాయి వంటింటి గుమ్మంలోంచి.

సిస్టరు తిట్టలేదు. "వారం రోజుల్నించీ చెప్తానే ఉన్నారండీ," అంది, అంతే.

బొట్టు పెట్టుకోని మనిషికి తెలిసింది. నలభై ఏళ్లుగా ఆ నుదుటిమీద బొట్టు చూస్తున్న నాకు తట్టలేదు. తట్టలేదని రాశాను. తట్టనివ్వలేదు.

ఇక సిస్టరు పనిలో దిగింది. క్లిప్పుతో ట్రే లాగి, పెట్టె విప్పి, డ్రైవు లోపల పెసరగింజంత అద్దాన్ని స్పిరిట్ తడిపిన దూదిపుల్లతో తుడిచింది. "కొంచెం చల్లగా ఉంటది, ఓర్చుకో," అని దాంతో చెప్పింది. పుల్ల చివర నూనె జిడ్డూ ఎరుపూ. డిస్కుని కిటికీ వెలుగులో వంచి చూసింది.

"దీన్ని ఎట్టా తుడిచారు?"

గాల్లో గుండ్రంగా తిప్పి చూపించాను.

"గాయాన్ని అట్టా రుద్దుతారా ఎవరైనా? మధ్యలోంచి బయటికి, తిన్నగా, ఒక్కొక్క గీతే తుడవాలి. దీనిమీద రాత గుండ్రంగా ఉంటదండీ, రోడ్డు మాదిరి. రోడ్డుకి అడ్డంగా చిన్న గాడి ఉంటే బండి దాటుద్ది. రోడ్డు పొడుగునా తవ్విపెడితే ఎట్టా పోద్ది?"

అలా అని, మెత్తటి గుడ్డ తీసుకుని అరగంట తుడిచింది. డిస్కు ట్రేలో పెట్టింది. పెట్టె మీద చెయ్యి వేసి వాచీ చూసింది. ఒకటి. రెండు. మూడోసారి డ్రైవు హాయిగా ఊపిరి పీల్చినట్టు తిరిగింది. తెర వెలిగింది. తల్లిబాతు, వెనక అయిదు పిల్లలు, చక్కగా రోడ్డు దాటాయి. మా ఆవిడ నవ్వింది. సిస్టరు రేడియేటరు పక్కన నిలబడి కప్పు చారు తాగి, బిస్కట్ల డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

పోయిన శనివారం ఆవిడ సంస్మరణ ప్రార్థనలో కూడా నేను ఇదే చెప్పాను. చర్చి నిండా జనం. తెలుగు కుటుంబాలు, ఆవిడతో పనిచేసిన ఈ ఊరి నర్సులు. పాస్టరుగారు ఎవరైనా రెండు మాటలు చెప్తారా అంటే నేను లేచాను. కుంకుమ సంగతి తీసేశాను. అలాంటి చోట ఎందుకని. "డ్రైవు అరిగిపోయింది, ఇద్దరు ఇంజనీర్లు వదిలేశారు, ఆవిడ అరగంటలో బతికించింది" అన్నాను. పక్కనున్న మా అమ్మాయి ఈ ఊరివాళ్ల కోసం దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది. జనం తలలూపారు, ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. నేను కూచోబోయాను.

"అబద్ధం."

మా ఆవిడ. మాట ఇప్పుడు వస్తుంది కానీ నెమ్మదిగా, ఏరుకుంటున్నట్టు వస్తుంది. నలుగురున్న చోట అసలు నోరు విప్పదు. తలలన్నీ ఇటు తిరిగాయి.

"అది... పని చెయ్యలేదు," అంది.

నిజమే. పని చెయ్యలేదు. డ్రైవు మూడుసార్లు లేచి పడుకుంది. ఇంకోసారి పెట్టమని నేను బతిమాలాను, మళ్లీ మూడుసార్లు. అప్పుడు సిస్టరు నాతో కాదు, మా ఆవిడతో అంది: "వదినగారూ, ఇది చదవకపోవచ్చు. అయినా తుడుద్దామా?" మా ఆవిడ వేలు నొక్కింది. సిస్టరు గుడ్డమీద, గీతలు అరగడానికి, బఠాణీగింజంత టూత్‌పేస్టు వేసి, ఆ గుడ్డని మా ఆవిడ కుడిచేతిలో పెట్టి, ఆ చేతికింద తన చెయ్యి పెట్టింది. మధ్యలోంచి బయటికి. ఆ రోజు మూడు గీతలు పడ్డాయి. మూడో గీతకి మా ఆవిడ నుదుటిమీద చెమట.

తరవాత ప్రతి ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చేది. కొన్నాళ్లకి ఊళ్లో తెలుగువాళ్ల ఇళ్లలో గీతలుపడి మూలపడ్డ డిస్కులన్నీ సంచిలో వేసుకొచ్చి, "వదినగారూ, ఈ వారం ఇవేనండీ రోగులు," అని ఒళ్లో పోసేది. పాటలవీ, పిల్లల ఆటలవీ. మా ఆవిడ వారమంతా తుడిచేది. కుడిచేత్తో ఎత్తి కిటికీ వెలుగులో వంచి చూసేది. కొన్ని బతికాయి కూడా. బాతుల డిస్కుని మాత్రం చివర్లో పెట్టి చూసేవాళ్లు. మూడుసార్లు లేచేది, పడుకునేది. మా ఆవిడ రెండో వారానికే బాతుల కోసం ఎదురుచూడటం మానేసింది. ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ణి నేనొక్కణ్ణే. అది ఒక్కసారి చదివితే నా తొమ్మిది రోజులూ మాసిపోతాయని. సిస్టరు నా ముఖం చూసి, "చూద్దాం లెండి అన్నయ్యగారూ," అనేది. ఆవిడ ఉన్నన్నాళ్లూ అది చదవలేదు. అందుకే ఆవిడ పోయాక నేనే చదివించేశాను, చర్చిలోనూ ఈ కాగితం మీదా.

చర్చిలో మా ఆవిడ లేచి నిలబడింది. ముందు బల్ల అంచు ఎడంచేత్తో పట్టుకుంది.

"ఆ డిస్కు... మంచిదే," అంది. "దాన్ని... పాడుచేసింది..."

ఆగిపోయింది.

మాట ఆగినప్పుడు ఎవరూ అందించకూడదని, ఎంతసేపైనా ఆమే తెచ్చుకోవాలని మా ఇంట్లో సిస్టరు పెట్టిన షరతు. అమ్మాయికి తెలుసు, నాకు తెలుసు. పాస్టరుగారు సగం లేచి అలాగే ఉండిపోయారు. ఆమె పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఇంతమంది మధ్య, ఈ కంగారులో, వచ్చిన మాటలు కూడా వెనక్కి పోతాయేమో! ఆ మాటేమిటో నాకు తెలుసు. అది బయటపడితే ఈ ఊళ్లో నా పరువేమవుతుందో కూడా తెలుసు. జన్మంతా అడగనివాళ్లకి కూడా మాటలు అందించినవాణ్ణి, పళ్లు బిగించి కూచున్నాను. రానీ, రానీ, అనుకున్నాను.

మా ఆవిడ కుడిచెయ్యి ఎత్తింది. వేలు తిన్నగా నామీద పెట్టింది.

"ఈయనే," అంది.